మందులకు లొంగని డిప్రెషన్: ఈసీటీనా, టీఎంఎస్సా, ఇంకేదైనానా?

రెండు మూడు మందులు మారాయి, డోసు పెరిగింది, నెలలు గడిచాయి, మనిషి మాత్రం మంచం దిగట్లేదు. అప్పుడు సైకియాట్రిస్ట్ "బ్రెయిన్ స్టిమ్యులేషన్ కూడా ఆలోచిద్దాం" అంటారు, అంటే కరెంట్‌తోనో అయస్కాంతంతోనో మెదడును ప్రేరేపించడం. నెట్‌లో వెతికితే ఈసీటీ (మత్తులో ఉంచి కరెంట్‌తో మెదడులో ఫిట్ తెప్పించడం), టీఎంఎస్ (అయస్కాంత పల్స్‌లతో మెదడును ప్రేరేపించడం), టీడీసీఎస్, వీఎన్‌ఎస్, డీబీఎస్ అంటూ పొట్టి పేర్లు బోలెడు కనిపిస్తాయి. ఒక్కోదాని పక్కన ఒక్కో శాతం ఉంటుంది, ఏ శాతం పెద్దదైతే అదే మంచిదనిపించడం సహజం. కానీ ఆ శాతాలు ఒకే రకం పేషెంట్ల మీద తీసినవి కావు. ఒక ట్రయల్‌లో రెండు మందులు పనిచేయనివాళ్లుంటారు, ఇంకోదాంట్లో ఏళ్ల తరబడి ఏదీ పనిచేయనివాళ్లుంటారు, మరోదాంట్లో అందరినీ కలిపినా ముప్పై మంది ఉండరు. వాటిని పరీక్ష మార్కుల్లా పోల్చితే దారి తప్పుతాం. నేనైతే ముందు ఒక్క విషయం చూస్తాను: ఈ పేషెంట్ ఎన్నాళ్లు ఆగగలరు? రోజులా, వారాలా, ఏడాదా? సైడ్ ఎఫెక్టులు, ఖర్చు, ఆపరేషన్ భయం, అన్నీ దాని తర్వాతే.

అసలు మందులు సరిగ్గా వాడారా

డాక్టర్లు మామూలుగా వాడే కొలత ఇది: రెండు వేర్వేరు డిప్రెషన్ మందులు, సరైన డోసులో, ఒక్కోటి కనీసం నాలుగు నుంచి ఎనిమిది వారాలు వాడినా తగ్గకపోతే మొండి డిప్రెషన్ అంటారు. చాలామంది ఇక్కడే ఆగి చూసుకోవాలి. నోరు ఎండిపోతోందని రెండో వారంలో మానేసిన మాత్రను "పనిచేయలేదు" అనే లెక్కలో వేయకూడదు. థైరాయిడ్, నిద్రలో ఊపిరి ఆగిపోయే సమస్య, తాగుడు, ఇంతవరకు ఎవరూ గుర్తించని బైపోలార్ (మూడ్ ఒకసారి బాగా పైకి, ఒకసారి బాగా కిందికి పోయే జబ్బు), ఇవేవీ చూడకుండా మెషీన్ దగ్గరికి పరిగెత్తడం తొందరపాటే.

అవన్నీ చూసేశాక కూడా ఐదో మాత్ర, ఆరో మాత్ర అంటూ ఏళ్లు గడపడం ఇంకో రకం పొరపాటు. అమెరికాలో జరిగిన స్టార్‌డీ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. మొదటి మందుతో దాదాపు మూడో వంతు మంది తేరుకున్నారు, రెండో మందుతోనూ ఇంచుమించు అదే నిష్పత్తి, మూడో మెట్టుకీ నాలుగో మెట్టుకీ వచ్చేసరికి అది 13, 14 శాతానికి పడిపోయింది. ఆ లెక్కలు కూడా కాస్త ఉదారంగా వేశారని తర్వాత విమర్శలు వచ్చాయి, అంటే అసలు సంఖ్య ఇంకా తక్కువ కావచ్చు. 2024లో నెదర్లాండ్స్ పరిశోధకులు 89 మందితో సూటిగా పోల్చి చూశారు: మందులు పనిచేయనివాళ్లలో కొందరికి ఇంకో మందు, కొందరికి టీఎంఎస్, రెండు గుంపులకూ సైకోథెరపీ. మందు మార్చినవాళ్లలో పూర్తిగా తేరుకున్నది 5 శాతం, టీఎంఎస్ వైపు 27 శాతం. చిన్న ట్రయలే. అయినా "ఇంకొక్క మాత్ర చూద్దాం" అని మూడోసారి అంటుంటే ఈ సంఖ్యలు గుర్తుపెట్టుకుని గట్టిగా అడగండి.

రోజుల మీద ఉంటే ఈసీటీ

తిండీ నీళ్లూ మానేసిన మనిషి. కొయ్యబారిపోయి, పిలిచినా పలకని మనిషి. తన పేగులు కుళ్లిపోయాయనో, ఇంట్లో జరిగే ప్రతి చెడుకీ తానే కారణమనో గట్టిగా నమ్ముతున్న మనిషి. చచ్చిపోవాలనే ఆలోచన ఎంత తీవ్రంగా ఉందంటే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలలేని మనిషి. ఇలాంటి పరిస్థితుల్లో "ముందు సాఫ్ట్‌గా ఉండే టీఎంఎస్‌తో మొదలుపెడదాం" అనే మాట నాకు అస్సలు మింగుడుపడదు. ఇక్కడ టైం లేదు. వెంటనే ఆసుపత్రిలో చేర్చడం, ఈసీటీ గురించి మాట్లాడటం, ఇదే వరస.

చాలామంది మనసులో ఈసీటీ అంటే సినిమాల్లో చూసిన దృశ్యమే. 1938లో రోమ్‌లో చెర్లెట్టి, బీని అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని మొదలుపెట్టినప్పుడు మత్తు ఇవ్వకుండానే చేశారు, మనిషి ఎగిరెగిరి పడటం, ఎముకలు విరగడం అప్పట్లో నిజమే. ఇప్పుడు పద్ధతి వేరు. మత్తు డాక్టర్ కొద్ది నిమిషాల మత్తు ఇస్తారు, కండరాలు సడలే మందు ఇస్తారు, కొన్ని సెకన్లు కరెంట్ పంపుతారు, మెదడులో ఇరవై సెకన్ల నుంచి ఒక నిమిషం దాకా ఫిట్ వస్తుంది. పక్కన నిలబడి చూసేవాళ్లకు పాదం కాస్త అదరడం తప్ప పెద్దగా ఏమీ కనపడదు, ఫిట్ వచ్చిందో లేదో డాక్టర్ మానిటర్ మీద గీతలు చూసి తెలుసుకుంటారు. వారానికి రెండు మూడు సార్లు, మొత్తం ఆరు నుంచి పన్నెండు సార్లు. మార్పు తరచూ రెండో వారానికల్లా కనిపిస్తుంది. తీవ్రమైన డిప్రెషన్‌లో సగం మందికి, కొన్ని అధ్యయనాల్లో అంతకంటే ఎక్కువ మందికి పూర్తిగా తగ్గుతుంది. వయసు మళ్లినవాళ్లలో, భ్రమలతో కూడిన డిప్రెషన్‌లో ఫలితం ఇంకా బాగుంటుంది. ప్రాణాపాయం లక్ష సార్లకు రెండు దాకా, అంటే చిన్న ఆపరేషన్ కోసం మత్తు తీసుకున్నప్పుడు ఉండే రిస్క్ లాంటిదే. ఈమధ్యే గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకు, మెదడులో ఒత్తిడి పెరిగినవాళ్లకు మాత్రం చాలా ఆలోచించి చేయాలి.

ఇక జ్ఞాపకశక్తి. దీని గురించి కొందరు డాక్టర్లు "ఏం కాదులెండి" అని తేల్చేస్తారు, కొందరు చుట్టాలు "మనిషి పిచ్చోడైపోతాడు" అని భయపెడతారు, రెండూ నిజం కాదు. మెలకువ వచ్చాక అరగంటో గంటో అయోమయంగా ఉంటుంది, అది పోతుంది. ట్రీట్‌మెంట్ నడిచే వారాల్లో కొత్త విషయాలు సరిగ్గా గుర్తుండవు, అది కూడా వారాల్లో, నెలల్లో మామూలుకొస్తుంది. మూడోది మాత్రం జాగ్రత్తగా వినాలి: ట్రీట్‌మెంట్‌కు ముందు నెలల్లో జరిగిన సంగతులు కొన్ని చెరిగిపోవచ్చు, వాటిలో కొన్ని ఎప్పటికీ తిరిగి రాకపోవచ్చు. అందరికీ ఇలా జరగదు, కానీ జరిగినవాళ్లకు అది చిన్న విషయం కాదు.

అందుకే ఈసీటీకి ఒప్పుకున్నాక కూడా ఇంకో ఎంపిక మిగిలే ఉంటుంది, దాన్ని చాలామంది అడగరు. కరెంట్ పంపే ఎలక్ట్రోడ్లు రెండు కణతల మీద పెట్టి ఇస్తారా, కుడివైపే ఇస్తారా? ఒక్కో కరెంట్ పల్స్ మామూలు వెడల్పా, అతి చిన్నదా? కుడివైపు, అతి చిన్న పల్స్‌తో ఇస్తే మతిమరుపు బాగా తక్కువ, కానీ గుణం కనపడటానికి ఇంకొన్ని సార్లు పట్టొచ్చు. రెండువైపులా ఇస్తే వేగం ఎక్కువ, జ్ఞాపకాల మీద దెబ్బా ఎక్కువే. ప్రాణం మీదికొచ్చిన చోట నేను రెండోదానికి అడ్డు చెప్పను. అంత ప్రమాదం లేని చోట కుడివైపుతో మొదలుపెట్టి, చాలకపోతే మార్చమని అడగడమే మేలు.

ట్రీట్‌మెంట్ రోజుల్లో పక్కన మనిషి ఉండాలి, బండి నడపకూడదు, ఖాళీ కడుపుతో వెళ్లాలి. ఆ వారాల్లో ఆస్తి కాగితాల మీద సంతకాలు, ఉద్యోగానికి రాజీనామా లాంటివి పెట్టుకోవద్దు.

వారాలు ఆగగలిగితే టీఎంఎస్

కష్టంగానైనా తింటున్నారు, మాట్లాడుతున్నారు, మంచి చెడు తెలుస్తోంది, కానీ బతుకులో రుచి పోయింది, మందులు తేలిపోయాయి. అలాంటివాళ్లకు మొదటి ఎంపిక టీఎంఎస్. ఆంథోనీ బార్కర్ బృందం 1985లో షెఫీల్డ్‌లో మొదటిసారి అయస్కాంత పల్స్‌తో మెదడును ప్రేరేపించి చూపించింది, డిప్రెషన్‌కు వాడటానికి ఎఫ్‌డీఏ (మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ) 2008లో ఒప్పుకుంది. కుర్చీలో కూర్చోబెట్టి, నుదుటికి ఎడమవైపు పైభాగాన కాయిల్ (తీగ చుట్ట) ఆనిస్తారు. అయస్కాంత పల్స్‌లు పుర్రె దాటి లోపల చిన్న కరెంట్ పుట్టిస్తాయి. మత్తు అక్కర్లేదు, ఈసీటీలోలా ఫిట్ తెప్పించరు, మతిమరుపు ఉండదు. టకటకా శబ్దం, పిచ్చుక పొడిచినట్టు నెత్తి మీద పోట్లు, మొదటి వారంలో తలనొప్పి, ఇవి మామూలే. అనుకోకుండా ఫిట్ వచ్చే ప్రమాదం వెయ్యి మందిలో ఒకరికంటే తక్కువ.

తలలోనో తలకు దగ్గర్లోనో లోహం ఉంటే, ఉదాహరణకు కాక్లియర్ ఇంప్లాంట్, రక్తనాళానికి వేసిన క్లిప్, కుదరకపోవచ్చు. పళ్ల ఫిల్లింగ్ ఉంటే ఫర్వాలేదు. గతంలో ఫిట్స్ వచ్చాయా, తాగుడు ఈమధ్యే ఆపారా, ఏయే మాత్రలు వేసుకుంటున్నారు, ఇవి దాచకుండా చెప్పాలి. బెంజోడయాజెపైన్ రకం మాత్రలు వాడేవాళ్లలో టీఎంఎస్ గుణం తక్కువగా ఉన్నట్టు కొన్ని అధ్యయనాల్లో కనిపించింది, మీరు టెన్షన్‌కనో నిద్రకనో వేసుకునే మాత్ర ఆ రకమేమో అడగండి. సొంతంగా మాత్రం ఆపేయొద్దు, అలా ఉన్నపళాన ఆపితేనే ఫిట్స్ వచ్చే ప్రమాదం.

ఎంతమందికి పనిచేస్తుంది? 2010లో వచ్చిన ఒక కట్టుదిట్టమైన ట్రయల్‌లో అసలు టీఎంఎస్ తీసుకున్నవాళ్లలో పూర్తిగా తేరుకున్నది 14 శాతం, ఉత్తుత్తి కాయిల్ పెట్టినవాళ్లలో 5 శాతం. క్లినిక్‌లలో మామూలు పేషెంట్ల లెక్కలు తీస్తే మూడో వంతు పైగా తేరుకున్నారని, సగానికి పైగా మందికి బాగా తగ్గిందని వచ్చింది. ఇంత తేడా ఎందుకంటే క్లినిక్‌లో సెషన్లు ఎక్కువ, మందులు పక్కన నడుస్తుంటాయి, పైగా ఇది నిజం ట్రీట్‌మెంటే అని అందరికీ తెలుసు. బ్రోచర్లలో రెండో లెక్కే ఉంటుంది, సహజం కదా.

టీఎంఎస్‌లో అసలు కష్టం మెషీన్ దగ్గర లేదు. వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు వెళ్లాలి. స్నానం చేయడానికే ఓపిక లేని మనిషి రోజూ తయారై బయల్దేరాలంటే మాటలు కాదు, తీసుకెళ్లేవాళ్లెవరో ముందే తేల్చుకోకపోతే రెండో వారంలోనే ఆగిపోతుంది. కాస్త ఊరటనిచ్చే విషయం ఒకటుంది. పాత పద్ధతిలో ఒక్కో సెషన్ దాదాపు 37 నిమిషాలు. తీటా బర్స్ట్ అనే పద్ధతిలో మూడు నిమిషాలే, 2018లో కెనడాలో 400 మందికి పైగా పేషెంట్లతో జరిగిన ట్రయల్‌లో అది పాతదానికి ఏమాత్రం తీసిపోలేదు. కాబట్టి "మూడు నిమిషాలకే ఇంత డబ్బా" అని బాధపడనక్కర్లేదు, పొడుగు సెషన్ అడిగి మరీ తీసుకోనక్కర్లేదు.

ఐదు రోజుల్లోనే అయిపోయే స్టాన్‌ఫర్డ్ పద్ధతి గురించి చాలామంది వినే ఉంటారు. రోజుకు పది సెషన్లు, మధ్యలో విరామాలు, ఎంఆర్‌ఐ చూసి ఒక్కొక్కరికి చోటు వేరుగా నిర్ణయిస్తారు. ట్రయల్‌లో 79 శాతం మంది తేరుకున్నారు, ఉత్తుత్తి కాయిల్ వైపు 13 శాతం. 2022లో ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. ఉత్సాహం కలిగించే ఫలితమే, కానీ అందులో ఉన్నది 29 మంది. ఇంకోవైపు 2024లో బ్రిటన్‌లో 255 మందితో చేసిన వేరే ట్రయల్‌లో ఎంఆర్‌ఐతో చోటు ఎంచి తీటా బర్స్ట్ ఇచ్చినా మామూలు టీఎంఎస్‌కు మించిన లాభం కనపడలేదు. రెండు పద్ధతులూ ఒకటి కావు నిజమే, కానీ కేవలం ఎంఆర్‌ఐ గైడెడ్ అనే ముక్క చూసి అప్పు చేయొద్దని నా మాట. రోజూ వెళ్లడం కుదరనివాళ్లకు ఐదు రోజుల పద్ధతి సౌకర్యమే, ఆ సౌకర్యానికి ఎంత పెట్టొచ్చో మీ ఇష్టం.

ఒక వరస కూడా గుర్తుంచుకోండి. టీఎంఎస్ పనిచేయకపోయినా ఆ తర్వాత ఈసీటీ పనిచేసే అవకాశం బాగానే ఉంటుంది. ఈసీటీకే లొంగనిది టీఎంఎస్‌కు లొంగే అవకాశం తక్కువ. ఆగే వీలుంటే చిన్నదానితో మొదలుపెట్టి పెద్దదానికి వెళ్లడంలో నష్టపోయేది కొన్ని వారాలే.

కెటమిన్ అనే మత్తు మందు సంగతి కూడా చెప్పాలి, ఇది స్టిమ్యులేషన్ కాకపోయినా ఈసీటీ పక్కన తరచూ వినిపిస్తుంది. 2023లో అమెరికా ట్రయల్‌లో భ్రమలు లేని పేషెంట్లలో కెటమిన్‌తో 55 శాతం మందికి, ఈసీటీతో 41 శాతం మందికి బాగా తగ్గింది. అంతకు ముందు 2022లో స్వీడన్ ట్రయల్‌లో ఇది తిరగబడింది: ఈసీటీతో 63, కెటమిన్‌తో 46 శాతం మంది పూర్తిగా తేరుకున్నారు. స్వీడన్‌వాళ్లు ఆసుపత్రిలో చేరిన పేషెంట్లు, అమెరికా ట్రయల్‌లో ఎక్కువమంది ఇంటి నుంచి వచ్చి వెళ్లినవాళ్లు. జబ్బు ముదిరేకొద్దీ, భ్రమలు ఉన్నకొద్దీ నేను ఈసీటీ వైపే మొగ్గుతాను.

ఇంట్లో పెట్టుకునే హెడ్‌బ్యాండ్లు

టీడీసీఎస్ అంటే తలకు పెట్టుకున్న హెడ్‌బ్యాండ్ గుండా ఒకటి రెండు మిల్లీయాంపుల కరెంట్, అరగంట, ఇంట్లోనే. 2017లో ఎస్సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మాత్రతో పోలిస్తే దానికి తీసిపోదని నిరూపించలేకపోయింది. 2023లో జర్మనీలో మందులకు జోడించి చూస్తే ఉత్తుత్తిదానికీ దీనికీ తేడా రాలేదు. 2024లో ఒక హోమ్ ట్రయల్‌లో మాత్రం మంచి ఫలితం వచ్చింది, నిజమైనదానితో 45 శాతం, ఉత్తుత్తిదానితో 22 శాతం మంది తేరుకున్నారు, కానీ అందులో మొండి డిప్రెషన్ ఉన్నవాళ్లను తీసుకోలేదు. ఈ వ్యాసం చదివే అవసరం పడినవాళ్లకు ఇది సరిపోదు. ఆన్‌లైన్‌లో వీడియో చూసి బ్యాటరీ, వైర్లతో సొంతంగా చేసుకోవడం అయితే అసలే వద్దు, చర్మం కాలుతుంది.

ఏడాది ఆగగలిగినవాళ్లకే: వీఎన్‌ఎస్, డీబీఎస్

ఈసీటీ, టీఎంఎస్ రెండూ అయిపోయాకే ఈ మాట రావాలి. వీఎన్‌ఎస్‌లో ఛాతీకి ఎడమవైపు చర్మం కింద పేస్‌మేకర్ లాంటి పరికరం పెట్టి, మెడలో మెదడుకు సంకేతాలు తీసుకెళ్లే వేగస్ అనే నాడికి వైరు చుడతారు. సాధారణంగా ముప్పై సెకన్లు ఆన్, ఐదు నిమిషాలు ఆఫ్, పగలూ రాత్రీ అలాగే నడుస్తుంది. ఎఫ్‌డీఏ మూర్ఛ వ్యాధికి 1997లో, నాలుగు లేదా అంతకు మించి ట్రీట్‌మెంట్లు పనిచేయని డిప్రెషన్‌కు 2005లో ఒప్పుకుంది. గొంతు బొంగురుపోవడం, దగ్గు మామూలు ఫిర్యాదులు. ఇది చాలా నెమ్మది, ఆరు నెలలు, ఏడాది పట్టొచ్చు. పేషెంట్లను ఐదేళ్లు వెంబడించి వివరాలు నమోదు చేసిన ఒక రిజిస్ట్రీలో దీనితో 68 శాతం మందికి, లేనివాళ్లలో 41 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు బాగా తగ్గింది. అయితే 493 మందితో జరిగిన రికవర్ అనే ట్రయల్ 2024లో బయటికొచ్చింది, అందులో ఏడాది పాటు ఆన్ చేసినవాళ్లకూ చేయనివాళ్లకూ ప్రధాన కొలతలో స్పష్టమైన తేడా రాలేదు. వేరే కొలతల్లో కొంత మేలు కనిపించిందన్నారు, దాన్ని పట్టుకుని గట్టిగా సిఫారసు చేయడానికి నాకు మనసొప్పదు.

డీబీఎస్ ఇంకా లోతైన వ్యవహారం, పేరులోని 'డీ' అంటేనే డీప్, లోతు. పుర్రెకు రంధ్రం చేసి మెదడు లోపలికి ఎలక్ట్రోడ్లు దింపుతారు. 2005లో టొరంటోలో హెలెన్ మేబర్గ్, ఆండ్రెస్ లోజానో బృందం ఆరుగురికి చేస్తే నలుగురికి బాగా తగ్గింది, ప్రపంచమంతా ఆశపడింది. తర్వాత వచ్చిన రెండు పెద్ద ట్రయల్స్ ఉత్తుత్తి స్టిమ్యులేషన్ కంటే మెరుగని చూపించలేకపోయాయి. విచిత్రం ఏమిటంటే ఏళ్ల తరబడి వెంబడించిన పేషెంట్లలో సగానికి పైగా మందికి మేలు నిలబడింది. ఆర్నెల్ల ట్రయల్ దీనికి చాలదా, పేషెంట్ల ఎంపికలో తేడానా, చోటు ఎంచడంలో లోపమా అని వాదనలు నడుస్తున్నాయి. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పేషెంట్‌కు మెదడు సంకేతాన్ని చూసి దానంతట అదే ఆన్ అయ్యే పరికరం పెట్టారు, ఆమెకు పనిచేసింది, కానీ అది ఒక్కరి కథ. మెదడులో రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ ప్రమాదాలు తక్కువే అయినా ఉన్నాయి. సరైన అనుమతులున్న పరిశోధనలో భాగంగా అయితే ఆలోచించండి. మామూలు ట్రీట్‌మెంట్‌లా డబ్బు కట్టించుకుని చేస్తామంటే వెనక్కి తిరిగి వచ్చేయండి.

చివరి సెషన్ తర్వాత

ఎంపిక ఏదైనా మొదలుపెట్టే ముందు క్లినిక్‌ను అడగాల్సినవి ఉన్నాయి. వారం వారం డిప్రెషన్ స్కోరు ఎవరు తీస్తారు? ఎన్ని సెషన్ల తర్వాత "ఇది పనిచేయట్లేదు" అని ఒప్పుకుంటారు? మందులు ఏవి కొనసాగుతాయి? ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పే చోటు దొరికితే మెషీన్ ఏ కంపెనీదో పట్టించుకోవక్కర్లేదు. గతంలో ఏదైనా ఒక పద్ధతికి తగ్గి ఉంటే దాన్నే మళ్లీ ముందు ప్రయత్నించమని అడగండి. బైపోలార్ ఉంటే ముందే చెప్పండి, ఏ పద్ధతిలోనైనా మూడ్ అటు చివరికి, అంటే పట్టలేని ఉత్సాహం వైపు దూకే ప్రమాదం కాస్త ఉంటుంది.

అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేది కొనసాగింపు. ఈసీటీతో తేరుకున్నవాళ్లను ఆరు నెలలు గమనించిన ట్రయల్ ఒకటి 2001లో వచ్చింది: ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో 84 శాతం మందికి, నార్‌ట్రిప్టిలిన్ అనే డిప్రెషన్ మందు ఇచ్చినవాళ్లలో 60 శాతం మందికి, నార్‌ట్రిప్టిలిన్‌కు లిథియం (మూడ్‌ను నిలకడగా ఉంచే మందు) కలిపి ఇచ్చినవాళ్లలో 39 శాతం మందికి డిప్రెషన్ తిరిగొచ్చింది. అంటే ఈసీటీ చేసి "తగ్గిపోయింది, ఇక ఇంటికెళ్లండి" అంటే సగం పనే అయినట్టు. లిథియం లాంటి మందో, వారానికో నెలకో ఒకసారి మెయింటెనెన్స్ ఈసీటీనో, ఏదో ఒకటి ముందే మాట్లాడుకోవాలి. టీఎంఎస్ తర్వాత కూడా కొందరికి నెలల్లోనే మళ్లీ మొదలవుతుంది, మొదటిసారి గుణం కనిపించినవాళ్లలో చాలామందికి రెండోసారీ పనిచేస్తుంది. అందుకే డిశ్చార్జ్ కాగితం మీద మందుల పేర్లతో పాటు, ఈ మనిషికి జబ్బు తిరిగొచ్చేటప్పుడు ముందుగా కనిపించే గుర్తులేమిటో, తెల్లవారుజామున మెలకువ రావడమో, ఫోన్లు ఎత్తకపోవడమో, అవి కనిపిస్తే ఎవరికి ఎన్ని రోజుల్లోపు చెప్పాలో రాయించుకోండి. ఆ కాగితం కాపీ ఒకటి పేషెంట్ దగ్గర, ఇంకొకటి ఇంట్లో రోజూ చూసుకునేవాళ్ల దగ్గర ఉండాలి.